బటన్ నొక్కితే శని గ్రహం కనిపిస్తుందా? మోటార్ టెలిస్కోప్ కొనే ముందు ఇవి తెలుసుకోవాల్సిందే!

మిరప కోతల కాలంలో అద్దంకి చుట్టుపక్కల చాలామంది రైతులు రాత్రిళ్లు కళ్లాల్లోనే పడుకుంటారు. కింద ఆరబోసిన కాయ, పైన ఆకాశం. సంక్రాంతి రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక నడినెత్తిన ఎర్రగా మెరిసే చుక్క ఒకటి కనిపిస్తుంది. అదే రోహిణి నక్షత్రం. రోహిణి కార్తె అనగానే అందరికీ మే నెలాఖరు ఎండలే గుర్తొస్తాయి. కానీ ఆ రోజుల్లో సూర్యుడు రోహిణి దిక్కునే ఉంటాడు కాబట్టి ఆ నక్షత్రం అసలు కనిపించదు. దాన్ని చూడాలంటే చలికాలం రావాల్సిందే.

ఇలాంటి ఆకాశాన్ని దగ్గరగా చూడాలన్న కోరిక ఇప్పుడు ఊళ్లలోనూ పెరుగుతోంది. కారణం ఫోన్‌లో కనిపించే వీడియోలు. బటన్ నొక్కగానే టెలిస్కోప్ తనంతట తానే గిర్రున తిరుగుతుంది. శని గ్రహం దగ్గర ఆగుతుంది. స్క్రీన్ మీద రంగురంగుల నెబ్యులా ప్రత్యక్షమవుతుంది. చూడగానే పిల్లలు కావాలంటారు. పెద్దలకూ ఆశ పుడుతుంది.

కానీ ఇది చిన్న ఖర్చు కాదు. మంచి ధర పలికిన ఏడాది కూడా కొన్ని క్వింటాళ్ల మిర్చి అమ్మితే తప్ప రాని డబ్బు. అంత పెట్టి కొన్నాక నాలుగు రాత్రులు వాడి, ఐదో రాత్రి నుంచి అటక మీద పెట్టేస్తే? ఇంతకీ మోటార్ ఏం చేస్తుంది, ఏం చేయదు? అద్దంకి లాంటి చోట దాన్ని వాడాలంటే ఏం చూసుకోవాలి?

అసలు మోటార్ ఎందుకు?

భూమి తన చుట్టూ తాను తిరుగుతోంది. అందుకే ఆకాశం మొత్తం గంటకు 15 డిగ్రీల చొప్పున పడమరకు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. మామూలు కంటికి ఆ కదలిక తెలియదు. టెలిస్కోప్‌లో మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

ఓ లెక్క చూద్దాం. 100 రెట్లు పెద్దది చేసి చూపే ఐపీస్ పెడితే, సాధారణంగా అందులో కనిపించే ఆకాశం వెడల్పు సుమారు అర డిగ్రీ. అంటే చందమామ అంత. గ్రహం ఓ అంచు నుంచి ఇంకో అంచుకు వెళ్లి మాయం కావడానికి పట్టే సమయం దాదాపు 2 నిమిషాలు. 200 రెట్లు చేస్తే 1 నిమిషం. ఇంట్లో వాళ్లను పిలిచి, అమ్మమ్మను మెట్లెక్కించి తీసుకొచ్చేలోపు శని గ్రహం జారిపోతుంది. మళ్లీ వెతుక్కోవాలి.

మోటార్ చేసేది ఆ జారుడును ఆపడం. భూమి ఒక వైపు తిరుగుతుంటే, టెలిస్కోప్‌ను అదే వేగంతో రెండో వైపు తిప్పుతుంది. గ్రహం మధ్యలోనే నిలబడుతుంది. పది మంది వరుసగా వచ్చి చూడొచ్చు. దీన్నే ట్రాకింగ్ అంటారు.

రెండో పని వెతకడం. దీనికి గోటూ అని పేరు. హ్యాండ్ కంట్రోలర్‌లో గానీ, ఫోన్ యాప్‌లో గానీ పేరు ఎంచుకుంటే టెలిస్కోప్ అటు తిరుగుతుంది. 1992లో మీడ్ కంపెనీ తెచ్చిన ఎల్ఎక్స్200 లాంటి మోడళ్లతో ఈ సౌకర్యం ఔత్సాహికుల్లో బాగా వ్యాపించింది.

గుంటూరులో 1868 నాటి ముచ్చట

మోటార్ కొత్తది కావచ్చు. అవసరం మాత్రం పాతదే. దానికి సాక్ష్యం అద్దంకికి వంద కిలోమీటర్ల లోపు ఉన్న గుంటూరే.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా వెళ్లింది. సూర్యుడు 5 నిమిషాలకు పైగా పూర్తిగా మూసుకుపోయాడు. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ వచ్చారు. బ్రిటిష్ బృందంతో మేజర్ జేమ్స్ టెన్నెంట్ కూడా గుంటూరులోనే దిగారు. వానాకాలం కాబట్టి మబ్బు పడితే అంత దూరం వచ్చిందంతా వృథా. అదృష్టం కొద్దీ ఆకాశం తెరిపి ఇచ్చింది.

సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను జాన్సెన్ వర్ణపటంలో చూశారు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకు తట్టింది. మర్నాడు అదే గుంటూరులో మామూలు ఎండలో చూసి నిరూపించారు. ఆ గ్రహణంలోనూ, తర్వాతి పరిశీలనల్లోనూ కనిపించిన ఓ పసుపు గీతే చివరికి హీలియం అనే కొత్త మూలకం జాడ అని తేలింది.

టెన్నెంట్ బృందం ఫొటోలు తీసింది. అప్పట్లో కరెంటు మోటార్లు లేవు. గడియారంలో ఉన్నట్టు పళ్ల చక్రాలు, కిందికి దిగే బరువు సాయంతో టెలిస్కోప్ సూర్యుడి వెంట తిరిగేది. అది లేకపోతే ఫొటో చెదిరిపోతుంది. ఇవాళ్టి టెలిస్కోప్ మోటార్ చేసేది కూడా సరిగ్గా అదే పని. బరువు పోయి బ్యాటరీ వచ్చింది, అంతే.

కొనడం వేరు, వాడటం వేరు

సొంత డబ్బుతో టెలిస్కోప్ కొన్న తెలుగువాళ్లు 19వ శతాబ్దంలోనే ఉన్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో డాబాగార్డెన్స్‌లోని తన ఇంటి దగ్గర సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని కొనసాగించారు. 1874 డిసెంబర్‌లో శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్లిన దృశ్యాన్ని అక్కడి నుంచి పరిశీలించారు.

హైదరాబాద్ కథ కొనేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లాండ్‌లో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ కొన్నారు. 1901లో ఫిసల్‌బండ దగ్గర అబ్జర్వేటరీ మొదలైంది. నిజాం పేరు మీద అది నిజామియా అయింది. 1907లో నవాబు కన్నుమూశారు. మర్నాటి ఏడాది ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తర్వాత బేగంపేటకు మారింది. ఆ 15 అంగుళాల టెలిస్కోప్ పనిలోకి వచ్చేసరికి 1922 అయింది. అంటే కొన్న మనిషి పోయాక 15 ఏళ్లకు!

టెలిస్కోప్ కొనడానికి డబ్బు చాలు. వాడటానికి చోటు, సమయం, తెలిసిన చెయ్యి కావాలి. ఆ మాట నవాబుకు ఎంత నిజమో, ఈఎంఐ మీద కొనేవాళ్లకూ అంతే నిజం.

మొదటి రాత్రి ఎక్కడ తప్పు జరుగుతుంది?

గోటూ టెలిస్కోప్‌కు కళ్లు లేవు. తాను ఎక్కడుందో, ఇప్పుడు టైమ్ ఎంతో, ఎటు చూస్తోందో దానికి చెప్పాలి. అప్పుడే మిగతా ఆకాశాన్ని లెక్క కడుతుంది. దీన్ని అలైన్‌మెంట్ అంటారు. జీపీఎస్ లేని మోడళ్లలో మొదటి రాత్రి ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

తేదీ: చాలా కంట్రోలర్లలో అమెరికా పద్ధతి ఉంటుంది. ముందు నెల, తర్వాత రోజు. మార్చి 5 కొట్టబోయి మే 3 కొడితే ఆకాశం మొత్తం తప్పుతుంది.

టైమ్ జోన్: భారత్‌ది ప్లస్ 5:30. ఆ అరగంట వదిలేస్తే టెలిస్కోప్ ఏడున్నర డిగ్రీల పక్కకు చూస్తుంది. డేలైట్ సేవింగ్ అని అడిగితే మనకు లేదని చెప్పాలి.

ఊరు: జాబితాలో అద్దంకి ఉండదు. అక్షాంశం 15 డిగ్రీల 49 నిమిషాలు ఉత్తరం, రేఖాంశం 79 డిగ్రీల 58 నిమిషాలు తూర్పు అని చేత్తో కొట్టాలి. చుట్టుపక్కల పల్లెలకూ ఇదే చాలు.

రెండు నక్షత్రాలు: ఆ తర్వాత రెండు ప్రకాశమైన నక్షత్రాలను ఐపీస్ సరిగ్గా మధ్యకు తెచ్చి పేరు చెప్పాలి. రెండూ దూరదూరంగా ఉండాలి. ఇక్కడ పేరు తప్పు చెబితే యంత్రం ఆ తప్పునే నమ్ముతుంది. కాబట్టి నాలుగైదు నక్షత్రాలైనా కంటితో గుర్తుపట్టడం ముందే నేర్చుకోవాలి. స్టెల్లేరియం లాంటి యాప్ ఇందుకు పనికొస్తుంది. మన పంచాంగం పేర్లు తెలిసినవాళ్లకు ఇది ఇంకా తేలిక. రోహిణి అంటే ఆల్డెబరాన్, ఆర్ద్ర అంటే బెటెల్‌గీస్, చిత్ర అంటే స్పైకా, స్వాతి అంటే ఆర్క్‌టరస్.

అద్దంకి ఆకాశం లండన్ ఆకాశం కాదు

యూట్యూబ్‌లో కనిపించే వీడియోల్లో చాలావరకు యూరప్, అమెరికాలో తీసినవి. అక్కడ ధ్రువ నక్షత్రం ఆకాశంలో సగం ఎత్తులోనో, ఇంకా పైనో ఉంటుంది. ఈక్వటోరియల్ అనే రకం మౌంట్‌ను దాని వైపు గురిపెట్టి మొదలుపెడతారు.

అద్దంకిలో ధ్రువ నక్షత్రం ఎత్తు సుమారు 16 డిగ్రీలే. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. అంటే ఉత్తరాన నేల అంచు నుంచి పిడికిలిన్నర ఎత్తు. అక్కడ వేపచెట్టో, పక్కింటి మేడో, పొగమంచో అడ్డు రావడం మామూలే. పైగా కొన్ని ఈక్వటోరియల్ మౌంట్లు అంత కిందకి వంగవు. కొనే ముందు ఆ మౌంట్ 16 డిగ్రీల అక్షాంశానికి పనికొస్తుందా లేదా అని అమ్మేవాళ్లను తప్పకుండా అడగాలి.

కంటితో చూడటమే ముఖ్యం అనుకుంటే, పక్కకూ పైకీ తిరిగే ఆల్ట్ అజిమత్ రకం గోటూ మౌంట్ ఇక్కడ సుఖం. దానికి ధ్రువ నక్షత్రంతో పనిలేదు. అయితే దానికీ ఓ ఇబ్బంది ఉంది. సరిగ్గా నడినెత్తిన ఉన్న వాటిని వెంబడించాలంటే మౌంట్ పక్కకు చాలా వేగంగా తిరగాలి. అక్కడే తడబడుతుంది. అద్దంకి నడినెత్తిన దాదాపు సరిగ్గా వెళ్లే నక్షత్రాల్లో రోహిణి ఒకటి. మార్గం సులువే. గంట ముందో, గంట తర్వాతో చూస్తే 15 డిగ్రీలు పక్కన ఉంటుంది.

ఇక మనకున్న వరం దక్షిణ ఆకాశం. అగస్త్య నక్షత్రం చలికాలంలో దక్షిణాన స్పష్టంగా కనిపిస్తుంది. ఏప్రిల్, మే రాత్రుల్లో ఒమేగా సెంటారీ అనే బ్రహ్మాండమైన తారాగుచ్ఛం 26 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లండన్‌లో ఎంత ఖరీదైన టెలిస్కోప్ ఉన్నా అది కనిపించదు. అద్దంకిలో బైనాక్యులర్‌కే అందుతుంది.

మోటార్ ఇవ్వలేనిది వెలుగు

అసలు విషయం ఇదే. మోటార్ దారి చూపిస్తుంది. ఎంత కనిపిస్తుందో నిర్ణయించేది మాత్రం అద్దం లేదా లెన్స్ వెడల్పు. 150 మిల్లీమీటర్ల అద్దం, 70 మిల్లీమీటర్ల లెన్స్ కంటే నాలుగున్నర రెట్లకు పైగా వెలుగు పోగుచేస్తుంది. అదే డబ్బులో మోటార్ ఉన్నది కొంటే చిన్న అద్దం, మోటార్ లేనిది కొంటే పెద్ద అద్దం వస్తుంది. ఒకే సైజు అద్దానికి గోటూ కలిస్తే ధర సాధారణంగా రెట్టింపు దాటుతుంది.

చవకగా దొరికే మోటార్ టెలిస్కోప్‌తో తరచూ నిరాశ కలిగేది అందుకే. జాబితాలో 4,000 వస్తువులో, 40,000 వస్తువులో ఉన్నాయని పెట్టె మీద రాస్తారు. చిన్న లెన్స్‌తో, వీధి దీపాల కింద వాటిలో చాలా భాగం కనిపించనే కనిపించవు. టెలిస్కోప్ సరిగ్గానే తిరిగి ఉంటుంది. అక్కడ చూస్తే నల్లటి ఆకాశమే.

500 రెట్లు, 600 రెట్లు అని రాసిన పెట్టెల్ని నమ్మొద్దు. అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు వరకే గరిష్ఠ ప్రయోజనం. గాలి నిలకడగా లేని రాత్రి అందులో సగం కూడా కష్టం.

కంటికి ఏం కనిపిస్తుందో కూడా ముందే తెలిసుండాలి. చందమామ మీద గుంతలు, గురుడి నాలుగు పెద్ద చంద్రులు, శని వలయాలు ఊళ్లోంచే బాగా కనిపిస్తాయి. శని వలయాలు 2025 మార్చిలో భూమికి అంచు మాత్రమే చూపించాయి. ఆ తర్వాత ఏటికేడాది విచ్చుకుంటున్నాయి. గెలాక్సీలు, నెబ్యులాలు మాత్రం కంటికి బూడిద రంగు మసకలా ఉంటాయి. ఫోన్‌లో చూసే రంగులు కెమెరా ఎక్కువసేపు వెలుగు పోగుచేస్తే వచ్చినవి. వాటి కోసం ఊరి దీపాలు దాటి చేల వైపు వెళ్లాలి.

దుమ్ము, మంచు, కరెంటు

ఈ ప్రాంతంలో టెలిస్కోప్‌కు శత్రువులు మూడు.

మొదటిది దుమ్ము. మిరప కళ్లాల్లో లేచే ఘాటు పొడి, పత్తి నూగు, గ్రానైట్ క్వారీల వైపు రాతి దుమ్ము, చేలల్లో కట్టె కాల్చిన పొగ. కాయ తిరగేసే పగటి పూట కాకుండా రాత్రి మాత్రమే మూత తీయాలి. అద్దం మీద కొంచెం దుమ్ము పడినా కంగారు పడొద్దు. చూపు పెద్దగా తగ్గదు. లుంగీ గుడ్డతో తుడిస్తే మాత్రం పూత మీద గీతలు శాశ్వతంగా ఉండిపోతాయి. చేత్తో నొక్కే గాలి బంతితో ఊదడం చాలు.

రెండోది మంచు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ముందు లెన్స్ మీద తేమ పడుతుంది. గొట్టం ముందు మందపాటి అట్టను పొడుగ్గా చుట్టి కడితే చాలాసేపు ఆగుతుంది. ఇంట్లోకి తెచ్చాక తడి ఆరే వరకు మూత పెట్టకూడదు. లేదంటే బూజు పడుతుంది.

మూడోది కరెంటు. చాలా గోటూ మౌంట్లు 12 వోల్టుల డీసీతో నడుస్తాయి. చిన్న పెన్సిల్ సెల్స్ వేస్తే తొందరగా అయిపోతాయి. వోల్టేజ్ తగ్గగానే మౌంట్ పిచ్చిగా తిరుగుతుంది, లేదా మధ్యలో ఆగి అలైన్‌మెంట్ మొత్తం మర్చిపోతుంది. చాలామంది దీన్నే మోటార్ పాడైందనుకుంటారు. విడిగా 12 వోల్టుల రీచార్జబుల్ బ్యాటరీ ఉంచుకోవడం మేలు. ప్లస్, మైనస్ తారుమారైతే సర్క్యూట్ కాలిపోవచ్చు. లేబుల్ చూసి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో వైరు కట్టించుకోవాలి.

ఇంకో మాట. డాబా కంటే నేల నయం. పగలంతా కాగిన శ్లాబు సాయంత్రం వేడి వదులుతుంది. ఆ వేడి గాలిలో గ్రహం నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది. పైగా ఒకరు నడిస్తే డాబా అదురు టెలిస్కోప్‌కు తెలుస్తుంది. కళ్లంలోని మట్టి నేల దీనికి చక్కటి చోటు. కాకపోతే రాత్రి చేలల్లో తిరిగేటప్పుడు పాములతో జాగ్రత్త. ఎర్ర కాగితం చుట్టిన టార్చి అయితే కంటికి చీకటి అలవాటు చెడదు.

స్మార్ట్ టెలిస్కోప్ సంగతేంటి?

ఇప్పుడు ఐపీస్ లేని టెలిస్కోప్‌లు వచ్చాయి. 2023లో వచ్చిన సీస్టార్ ఎస్50 లాంటివి. 50 మిల్లీమీటర్ల చిన్న లెన్సే. ఆకాశాన్ని తనే ఫొటో తీసి నక్షత్రాలను గుర్తుపడుతుంది, తనే అలైన్ అవుతుంది. కొన్ని సెకన్ల ఫొటోలు వరుసగా తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఫోన్‌కు పంపుతుంది. నెబ్యులా రంగులు కావాలంటే ఇదే తేలిక. గ్రహాలు మాత్రం చిన్నగా వస్తాయి. పైగా కన్ను పెట్టి చూసే అనుభవం ఉండదు. ఫోన్ స్క్రీనే. కొనేవాళ్లకు ఏది కావాలో ముందే తేల్చుకోవాలి.

ఎవరు కొనొచ్చు? ఎవరు ఆగాలి?

బడికి, కాలేజీకి, లేదా ఊళ్లో పది మందికి చూపించాలనుకునేవాళ్లకు మోటార్ నిజంగా ఉపయోగం. వరుసలో చివరి పిల్లాడికీ శని గ్రహం మధ్యలోనే ఉంటుంది. ఫొటోలు తీయాలనుకునేవాళ్లకు తప్పనిసరి. మోకాళ్ల నొప్పులతో వంగి వెతకలేని పెద్దవాళ్లకూ మేలే.

ఇప్పుడే మొదలుపెడుతున్న ఒక్క పిల్లాడికైతే ముందు బైనాక్యులర్, తర్వాత చేత్తో తిప్పే డాబ్సోనియన్ చాలు. కాలం కూడా చూసుకోవాలి. జూన్ నుంచి నవంబర్ దాకా మబ్బులు, తుపానులే ఎక్కువ. డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకే నిలకడగా ఆకాశం దొరుకుతుంది. జూలైలో కొంటే పెట్టె విప్పకుండానే గ్యారంటీలో నెలలు గడిచిపోతాయి.

కొనే ముందు వీలైతే ఒక రాత్రి ఎవరి టెలిస్కోప్‌లోనైనా చూడటం మంచిది. జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు నిర్వహించే ఆకాశ దర్శనం కార్యక్రమాలు అందుకు పనికొస్తాయి. బిల్లు, గ్యారంటీ కార్డు, పాడైతే ఎక్కడికి పంపాలి, కంట్రోలర్ విడిగా దొరుకుతుందా అన్నవి డబ్బు కట్టకముందే అడగాలి. గేర్లు అరిగితే అద్దంకిలో బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం.

సూర్యుడితో ఆటలొద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యం. టెలిస్కోప్‌తో సూర్యుణ్ని నేరుగా చూస్తే క్షణంలో చూపు పోతుంది. గొట్టం ముందు భాగానికి బిగించే ధ్రువీకరించిన సోలార్ ఫిల్టర్ లేకుండా అటు తిప్పనే కూడదు. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన అద్దాలు, ఐపీస్‌కు బిగించే చిన్న ఫిల్టర్లు పనికిరావు. పక్కనుండే చిన్న ఫైండర్‌కూ మూత పెట్టాలి. గోటూతో ఇంకో ప్రమాదం ఉంది. పగలు ఏదో వెతకమంటే అది సూర్యుడి మీదుగా వెళ్లొచ్చు. పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు. 2031 మే 21న దక్షిణ భారతంలో కేరళ, తమిళనాడు మీదుగా వలయాకార సూర్యగ్రహణం వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పాక్షికంగా కనిపిస్తుంది. అప్పటికి ఫిల్టర్ సిద్ధం చేసుకోవడానికి చాలా టైమ్ ఉంది.

1868లో గుంటూరు ఆకాశాన్ని చూడటానికి మనిషి సముద్రాలు దాటి రావాల్సి వచ్చింది. ఆ ఆకాశం కింద పుట్టినవాళ్లకు ఆ ప్రయాణం అక్కర్లేదు. సంక్రాంతి రాత్రి కళ్లంలో నిలబడి రోహిణి ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగితే, మొదటి అలైన్‌మెంట్ అయిపోయినట్టే. మోటార్ ఆ తర్వాత కొన్నా ఆలస్యం కాదు.